ట్యాంకులో వెలితి, బిల్లులో వాత

విదేశాల్లో కారు అద్దెకు తీసుకున్నవారి తుది బిల్లులో తరచు కనబడే అనుకోని పద్దు ఇంధన భర్తీ రుసుము. కారు తిరిగి అప్పగించేటప్పుడు ట్యాంకు ఒప్పందంలో చెప్పినంత నిండి లేకపోతే, ఆ వెలితిని సంస్థే పూడ్చి, ఇంధనం ధర మీద మరికొంత చేర్చి వసూలు చేసుకునే మొత్తమిది. దీని గురించి ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. షరతులన్నీ కాగితం మీదే ఉన్నాయి, చదవకుండా సంతకం పెట్టినవాడిదే తప్పు, ట్యాంకు నింపి ఇస్తే గొడవే లేదు అని. సంస్థలు ఈ మాటే అంటాయి. ప్రయాణికులకు సలహాలిచ్చేవారూ ఈ మాటే అంటారు. డబ్బు పోగొట్టుకున్నవారు సైతం తమనే నిందించుకుని ఊరుకుంటారు. కానీ ఈ రుసుము ఎలా లెక్కకడతారో, ఏ కొలతతో వెలితిని తేలుస్తారో, ఎవరి మీద ఎక్కువగా పడుతుందో చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అజాగ్రత్తకు పడే జరిమానా అనే పేరుతో నడుస్తున్న లాభసాటి అమ్మకమిది.

ఇంధనానికి సంబంధించి అద్దె ఒప్పందాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది, నిండు ట్యాంకుతో తీసుకుని నిండు ట్యాంకుతో తిరిగి ఇవ్వడం. రెండోది, ఎంత ఉన్నప్పుడు తీసుకున్నారో అంతే ఉంచి ఇవ్వడం. మూడోది, ట్యాంకు మొత్తానికి ముందే డబ్బు కట్టి, ఖాళీగా ఇచ్చినా సరేననే పద్ధతి. ఇది కాక అమెరికాలో కొన్ని సంస్థలు తక్కువ దూరం నడిచిన కారుకు, బంకు రసీదు చూపకపోతే, ఇంధనం పేరిట ఒక స్థిరమైన మొత్తాన్ని బిల్లులో వేసేస్తాయి. మొదటి రెండు రకాల్లో వెలితి ఉంటే రుసుము పడుతుంది. మూడో రకంలో మిగిలిన పెట్రోలు సంస్థ సొత్తవుతుంది. ఏ దారిన పోయినా పొరపాటు ఖరీదు కస్టమరుకే తప్ప సంస్థకు కాదు.

రుసుము లెక్క చూద్దాం. అమెరికాలో ఒక బంకులో గ్యాలన్ పెట్రోలు మూడున్నర డాలర్లు ఉందనుకుందాం. అద్దె సంస్థ అదే గ్యాలనుకు పది డాలర్లు వేస్తుందనుకుందాం. పెద్ద విమానాశ్రయాల కౌంటర్లలో ఇది విడ్డూరమైన ధరేమీ కాదు. పదిహేను గ్యాలన్ల ట్యాంకులో పావు వంతు తగ్గితే వెలితి దాదాపు 3.75 గ్యాలన్లు. బంకులో దాని విలువ సుమారు 13 డాలర్లు, బిల్లులో 37 డాలర్ల 50 సెంట్లు. యూరప్‌లో చాలా సంస్థలు మరో పద్ధతి పాటిస్తాయి. తగ్గిన ఇంధనానికి ఒక ధర వేసి, దాని మీద స్థిరమైన సేవా రుసుము కలిపి, మొత్తానికి పన్ను చేరుస్తాయి. ఆ సేవా రుసుము రెండు లీటర్లు తగ్గినా ఇరవై లీటర్లు తగ్గినా ఒకటే. వెలితి ఎంత చిన్నదైతే లీటరుకు పడే శిక్ష అంత పెద్దదన్నమాట. నిజంగా అజాగ్రత్తను శిక్షించే రుసుమైతే దాదాపు నింపి తెచ్చినవారి మీద తక్కువగా పడాలి. ఇక్కడ జరిగేది దానికి విరుద్ధం.

ముందే ట్యాంకు కొనిపించే పద్ధతి ఇంతకన్నా అన్యాయం. మాల్టా ప్రధాన ద్వీపం పొడవు 27 కిలోమీటర్లు. నలభై అయిదు లీటర్ల ట్యాంకున్న చిన్న కారు, వంద కిలోమీటర్లకు ఆరు లీటర్లు తాగినా, 750 కిలోమీటర్లు పోతుంది. నాలుగైదు రోజులు ఉండిపోయే పర్యాటకుడు ఆ ద్వీపంలో ఎన్ని చక్కర్లు కొడితే ఆ ట్యాంకు ఖాళీ అవుతుంది? పైగా చివరి బొట్టు దాకా వాడుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. విమానం ఎక్కవలసిన రోజు దారిలో కారు ఆగిపోయే ప్రమాదం నెత్తిన పెట్టుకోవాలి. మిగిలిన పెట్రోలుకు డబ్బు తిరిగి ఇవ్వని ఒప్పందంలో ఒకే ఇంధనానికి సంస్థ ఇద్దరు కస్టమర్ల దగ్గర డబ్బు తీసుకోగలుగుతుంది.

ఇక కొలత సంగతి. వెలితిని తేల్చేది చాలాచోట్ల డాష్‌బోర్డు మీది ముల్లు, లేదా గీతలు. ట్యాంకు లోపల పెట్రోలు మీద తేలే బెండు ఒకటి ఉంటుంది. బెండుకు ఒక కడ్డీ, కడ్డీ కదలికను బట్టి మారే విద్యుత్ నిరోధం, ఆ మార్పును బట్టి కదిలే ముల్లు. కుదుపులకు ముల్లు ఊగకుండా ఉండేందుకు అంకెను నెమ్మదిగా మార్చే ఏర్పాటు కూడా ఉంటుంది. ట్యాంకు పూర్తిగా నిండకముందే బెండు పైకప్పును తాకుతుంది. అందుకే చాలా కార్లలో నింపిన తర్వాత పదుల కిలోమీటర్లు నడిచినా ముల్లు నిండు గుర్తు దగ్గరే ఉంటుంది. కస్టమరుకు నిండుగా అప్పగించామన్న కారులో కొన్ని లీటర్లు తక్కువ ఉన్నా ఆ ముల్లు చెప్పదు. అతడు తిరిగి ఇచ్చేముందు పంపు ఆగేదాకా నింపిస్తే ఆ తేడా కూడా అతడి డబ్బుతోనే పూడుతుంది. ఎక్కువ నింపినవారికి ఆ విలువ తిరిగి ఇవ్వబోమని చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది. తగ్గితే వసూలు, పెరిగితే మౌనం.

ఎనిమిది గీతల మీటరులో అన్యాయం మరింత స్పష్టం. యాభై లీటర్ల ట్యాంకులో ఒక్కో గీత విలువ ఆరుంబావు లీటర్లు. గీత ఆరిపోయే హద్దుకు ఒక్క లీటరు ఇటు వచ్చినా ఎనిమిదో వంతు మొత్తానికి బిల్లు పడవచ్చు. నిండడం అన్న మాటకే బంకులో కచ్చితమైన అర్థం లేదు. పంపు నాజిల్ కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు మట్టం పెరిగి ఆ రంధ్రాన్ని మూయగానే లోపలికి గాలి ఆగి, పీడనం పడిపోయి, మీట తనంతట తానే విడిపోతుంది. నాజిల్ ఏ కోణంలో పెట్టారు, పెట్రోలు ఎంత వేగంగా పడింది, ఎంత నురగ వచ్చింది అన్నదాన్ని బట్టి ఒక పంపు ముందే ఆగుతుంది, మరో పంపు ఆలస్యంగా ఆగుతుంది. ఇంత వదులు కొలత మీద అంత బిగువు రుసుము నిలబెట్టారు.

నింపి ఇస్తే సరిపోతుందనే సలహా కూడా స్థానికుడి సౌకర్యాన్ని చూసి ఇచ్చిందే. అమెరికా బంకుల్లో పంపు దగ్గరే కార్డు పెడితే చాలాచోట్ల అయిదంకెల జిప్ కోడ్ అడుగుతుంది. హైదరాబాదులోనో విశాఖలోనో జారీ అయిన కార్డుకు ఉన్నది ఆరంకెల పిన్ కోడ్. అది అక్కడ పనికిరాదు. లోపలికి వెళ్లి, ఎన్ని డాలర్ల పెట్రోలు కావాలో ముందే ఊహించి చెప్పి, డబ్బు కట్టి, మిగిలితే మళ్లీ లోపలికి వెళ్లి తీసుకోవాలి. పిల్లలతో, సామానుతో, తెల్లవారుజాము విమానానికి పరుగెత్తే కుటుంబం చెయ్యాల్సిన పని ఇది. యూరప్‌లో రాత్రివేళ మనుషులుండని బంకుల్లో విదేశీ కార్డు తిరస్కారం కావడం మామూలే. విమానాశ్రయాల చుట్టుపక్కల ధరలు సరేసరి. ఫ్లోరిడాలోని ఓర్లాండో విమానాశ్రయం దాపున బంకుల ధరల మీద వచ్చిన ఫిర్యాదులకు, ధరలను రోడ్డు మీదికి కనబడేలా ప్రదర్శించాలని నగర పాలక సంస్థ నిబంధనే తేవలసి వచ్చింది.

కారు అప్పగించాక బిల్లు రావడం ఇంకో ఇబ్బంది. ఆఫీసు మూసిన వేళలో తాళాలు పెట్టెలో వేసి వెళ్లిపోతే, కారు తనిఖీ చేసేటప్పుడు కస్టమరు అక్కడ ఉండడు. డిపాజిటు కోసం నమోదైన కార్డు మీదే తర్వాత రుసుము పడుతుంది. భారతీయ కార్డు అయితే విదేశీ మారకం రుసుము కింద సాధారణంగా మూడున్నర శాతం దాకా, ఆ మారకం రుసుము మీద జీఎస్టీ అదనం. అభ్యంతరం చెప్పాలంటే వేల మైళ్ల దూరం నుంచి, వేరే సమయంలో పనిచేసే ఆఫీసుతో, ఇరవై ముప్ఫై డాలర్ల కోసం పోరాడాలి. చాలామంది వదిలేస్తారు. వదిలేస్తారన్నది సంస్థలకూ తెలుసు. 2024లో అమెరికాలో టెస్లా కారు అద్దెకు తీసుకున్న ఒకరికి 277 డాలర్ల పెట్రోలు రుసుము పడింది. పెట్రోలు ట్యాంకే లేని విద్యుత్ కారు అది. మొదట ఫిర్యాదును తోసిపుచ్చారు, వార్తల్లోకి ఎక్కాకే తప్పు సరిదిద్దారు. అక్కడ కస్టమరు చదవని షరతు ఏమిటి?

సంస్థల పక్షాన చెప్పే వాదనలు మూడు. మొదటిది, నింపడానికి మనిషి కావాలి, సమయం పడుతుంది, ఆలోగా కారు అద్దెకు పోదు అన్నది. నిజమే. అందుకు న్యాయమైన కూలి తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. అయితే కూలి ఖర్చు లీటర్లను బట్టి పెరగదు. మనిషి బంకుకు వెళ్లి రావడానికి అయిదు లీటర్లకైనా ముప్ఫై లీటర్లకైనా దాదాపు అంతే సమయం. కూలి పేరుతో లీటరు ధరనే రెండు మూడు రెట్లు చేయడానికి ఈ వాదన ఆధారం కాజాలదు.

రెండో వాదన, ఇలాంటి రుసుముల వల్లే రోజు అద్దె చవగ్గా ఉంటుందన్నది. ఆర్థికవేత్తలు గాబే, లేబ్‌సన్ 2006లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు. పైకి కనబడే ధర తగ్గించి, కనబడని అదనపు ఖర్చుల్లో లాభం తీసే మార్కెట్లో తెలిసినవారు తెలియనివారి డబ్బుతో చవగ్గా బతుకుతారని, పోటీ ఉన్నా ఏ సంస్థకూ ఆ ముసుగు తీయాలన్న ప్రేరణ ఉండదని వారు చూపించారు. అద్దె కార్లలో తెలిసినవాడు ఎవరు? నెలకోసారి విమానమెక్కే ఉద్యోగి, అతడి ఖర్చు పెట్టేది కంపెనీ. తెలియనివాడు ఎవరు? తొలిసారి పరాయి దేశంలో, పరాయి భాష ఒప్పందం మీద, కుడివైపు నడిచే రోడ్ల భయంతో సంతకం పెట్టేవాడు. లాస్ వేగాస్‌లో వ్యాను తీసుకుని అమ్మానాన్నలకు గ్రాండ్ కాన్యన్ చూపించాలనుకున్న తెలుగు కుటుంబం కట్టిన అదనపు సొమ్ము, మరొకరి అద్దెలో రాయితీ అవుతుంది. దీన్ని చవక అనడం తప్పు. ఇది బలహీనుడి జేబు నుంచి బలవంతుడి జేబుకు బదిలీ.

మూడో వాదన సంతకం. సంతకం పెట్టిన ప్రతి షరతూ న్యాయమైపోదని చాలా దేశాల చట్టాలు ఎప్పుడో తేల్చాయి. యూరప్‌లో 1993 నాటి అన్యాయ షరతుల నిర్దేశం ప్రకారం, బేరమాడే అవకాశం లేకుండా రుద్దిన షరతు కస్టమరు మీద మితిమీరిన పరిహారం మోపితే అది చెల్లకపోవచ్చు. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు 85 పౌండ్ల పార్కింగ్ రుసుమును సమర్థించిన మాట వాస్తవమే. ఆ తీర్పుకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి, పార్కింగ్ స్థలంలో నోటీసులు పెద్దవిగా, స్పష్టంగా ఉండడం. 2000లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు హెర్ట్జ్ సంస్థ ఇంధన రుసుము మీదే విచారణ జరిపింది. తప్పించుకోగల రుసుము ఎంత ఉండాలన్నది రాష్ట్ర చట్టం సంస్థకే వదిలేసిందని చెబుతూనే, దాన్ని తికమకగా తెలియజేశారన్న ఫిర్యాదు మాత్రం నిలుస్తుందని పేర్కొంది. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని అన్యాయ ఒప్పందాల్లో చేర్చింది. హైదరాబాదులో, విజయవాడలో సొంతంగా నడుపుకునే కార్లు అద్దెకిచ్చే సంస్థలకూ ఇది వర్తిస్తుంది.

ప్రభుత్వాలు ఒత్తిడి తెస్తే ఏమవుతుందో 2015 జులైలోనే తేలింది. యూరోపియన్ కమిషన్, సభ్యదేశాల వినియోగదారుల సంస్థలు పట్టుబట్టడంతో అవిస్ బడ్జెట్, ఎంటర్‌ప్రైజ్, యూరోప్‌కార్, హెర్ట్జ్, సిక్స్ట్ అనే ఐదు పెద్ద సంస్థలు తమ పద్ధతులు మార్చుకుంటామని ఒప్పుకున్నాయి. నిండు ట్యాంకుతో తీసుకుని నిండు ట్యాంకుతో ఇచ్చే అవకాశం కస్టమరుకు ఎప్పుడూ ఉండాలన్నది ఆ హామీల్లో ఒకటి. తప్పంతా చదవని కస్టమరుదే అయితే ఐదు సంస్థలు తమ షరతులను తిరగరాయవలసిన అవసరమేముంది? అమెరికాలో మాత్రం దాచిన రుసుముల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2025 మేలో అమల్లోకి వచ్చినా, అది వినోద కార్యక్రమాల టికెట్లకు, హోటళ్లు తదితర బసలకు పరిమితమైంది. అద్దె కార్లు దాని పరిధిలోకి రాలేదు.

కావలసిన మార్పులు పెద్దవి కావు. బుక్ చేసే చోటే, అద్దె పక్కనే, తగ్గిన లీటరుకు ఎంత వేస్తారో అంతే పెద్ద అక్షరాల్లో చూపాలి. నేటి కార్లు ఎన్నో తమ ఇంధన మట్టాన్ని నేరుగా సంస్థకు పంపగలుగుతున్నాయి. ఆ అంకెను తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ రసీదు మీద అచ్చువేసి, లీటర్ల లెక్కన స్థానిక బంకు ధరకే బిల్లు వేయాలి. సేవా రుసుము నిజమైన పనికి మించకూడదు. తగ్గినదానికి వసూలు చేసే సంస్థ పెరిగినదానికి తిరిగి చెల్లించాలి. ఆధారం పంపకుండా కార్డు మీద ఒక్క డాలరూ వేయకూడదు.

ఈ మార్పులు వచ్చేదాకా ప్రయాణికుడు ముల్లు, కిలోమీటర్లు కలిసి కనబడేలా ఫొటో తీసుకోవడం, బంకు రసీదు దాచుకోవడం, అన్యాయంగా రుసుము పడితే బ్యాంకుకు ఫిర్యాదు చేయడం మంచిది. కానీ ఆత్మరక్షణ చేసుకోమని చెప్పడం వేరు, రక్షించుకోలేనివాడిదే తప్పని తీర్పు చెప్పడం వేరు. ధర నిర్ణయించేది సంస్థ, కొలిచేది సంస్థ, కార్డు మీద వేసుకునేదీ సంస్థే. కాబట్టి ఆ రుసుము న్యాయమైనదని రుజువు చేసుకోవలసిన బాధ్యత కూడా సంస్థదే.