ఉబ్బిన బ్యాటరీని నొక్కి మూయకండి

"అన్నా, డిస్‌ప్లే లేచింది, కాస్త గమ్ పెట్టివ్వు" అంటూ ట్యాబ్ బల్ల మీద పెడతారు. తప్పు గమ్‌ది కాదు. లోపల బ్యాటరీ ఉబ్బి అద్దాన్ని పైకి తోస్తోంది. నా షాపుకి ఇలా వచ్చేవాటిలో ఎక్కువ, కౌంటర్లో బిల్లింగ్ కోసం రాత్రింబవళ్లు ఛార్జర్‌కే తగిలించి ఉంచినవి. ఎప్పుడూ నిండా ఛార్జింగ్, పైగా మన ఎండలు. ఆ వేడికి లోపలి ద్రావకం విడిపోయి గ్యాస్ పుడుతుంది. చుట్టూ ఉన్నది పలచటి సంచి, పొంగక ఏం చేస్తుంది?

గ్యాస్ పోవాలని సూదితో పొడిచే మహానుభావులూ ఉన్నారు. లోపల షార్టయితే మంటే! ఛార్జర్ పీకేసి, స్విచ్చాఫ్ చేసి, పరుపులకూ కాగితాలకూ దూరంగా గచ్చు మీద పెట్టండి. తర్వాతే మా దగ్గరికి తెండి.

నా కోపం తయారీదారుల మీద. ఒకప్పుడు ఫోను వెనక మూత గోటితో ఊడేది. ఇప్పుడు అంతా జిగురే. దాన్ని వదిలించడానికి వేడి పెట్టాలి, ఉబ్బిన బ్యాటరీకి పడనిదీ ఆ వేడే. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకునేలా తయారుచేయాలని చట్టం. మనకూ అది కావాలి. పాత బ్యాటరీల బాధ్యత తయారీదారులదేనని మన 2022 నిబంధనలు చెబుతున్నాయి. నా ఇసుక డబ్బాలో ఉన్నవాటి కోసం మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.