బ్రిటన్ నిష్క్రమణ – కార్మికునికి దక్కినదేమిటి?

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరపు సమాఖ్య నుంచి తమ దేశం వైదొలగాలని తీర్పు చెప్పారు. వైదొలగాలన్నవారు 51.9 శాతం, ఉండాలన్నవారు 48.1 శాతం. 2020 జనవరి 31న నిష్క్రమణ చట్టరీత్యా జరిగింది. ఆ యేటి డిసెంబరు 31తో సంధికాలం కూడా ముగిసింది. తీర్పు వెలువడి దాదాపు పదేళ్లయిన ఈ తరుణంలో లాభనష్టాల చిట్టా విప్పి చూడడం సమంజసం. వర్తకులు, బ్యాంకర్లు, మంత్రులు ఎవరి లెక్క వారు వేసుకున్నారు. రైలు నడిపేవారి లెక్క, ఉత్తరం చేరవేసేవారి లెక్క ఏమిటన్నది మన ప్రశ్న.

సముద్రాల కవతల జరిగిన ఈ వ్యవహారంతో మనకేమి పని అని కొందరు సోదరులు అడగవచ్చు. పని ఉన్నది. ఆనాటి ఓటింగులో బ్రిటన్ రైల్వే కార్మికుల ప్రధాన సంఘమైన ఆర్.ఎం.టి., డ్రైవర్ల సంఘమైన అస్లెఫ్ నిష్క్రమణకు ఓటు వేయమని సభ్యులను కోరాయి. తపాలా కార్మికులకు ప్రాతినిధ్యం వహించే సి.డబ్ల్యు.యు. సమాఖ్యలోనే ఉండాలన్నది. కార్మిక సంఘాల కేంద్ర సంస్థ టి.యు.సి. కూడా ఉండాలనే అన్నది. ఒకే యాజమాన్య దాడిని ఎదుర్కొంటున్న రైల్వే, తపాలా సోదరులు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పారు. అటువంటి చీలిక ఎందుకు వచ్చిందో, దాని ఫలితమేమిటో ఈ పత్రిక పాఠకులకంటె ఎక్కువగా తెలుసుకోవలసినవారు ఎవరున్నారు?

ఇరుపక్షాలలో ఎవరినీ అమాయకులని కొట్టివేయడానికి వీలులేదు. 1975లో ఇదే అంశంపై బ్రిటన్‌లో తొలి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినపుడు టి.యు.సి. ఉమ్మడి మార్కెట్టును వ్యతిరేకించింది. అది పెట్టుబడిదారుల కూటమి అన్నది ఆనాటి వాదన. పదమూడేళ్లు తిరిగేసరికి ఆ వైఖరి మారింది. 1984–85 బొగ్గుగని కార్మికుల సమ్మెను థాచర్ ప్రభుత్వం అణచివేసింది. వరుస చట్టాలతో సంఘాల చేతులు కట్టివేసింది. ఆ నిస్సహాయస్థితిలో 1988 సెప్టెంబరులో యూరపు కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ బోర్న్‌మత్‌లో జరిగిన టి.యు.సి. మహాసభకు వచ్చి, ఉమ్మడి మార్కెట్టుకు సాంఘిక హక్కులు కూడా తోడవుతాయని చెప్పారు. స్వదేశంలో దొరకని రక్షణ బ్రసెల్స్‌లో దొరుకుతుందన్న ఆశ కలిగింది.

ఆ ఆశ వట్టిది కాదు. సంస్థ చేతులు మారినపుడు ఉద్యోగుల సర్వీసు షరతులు కాపాడాలన్న నియమం 1977 నాటి యూరపు ఆదేశం నుంచి వచ్చింది. సగటున వారానికి 48 గంటలకు మించి పనిచేయించరాదన్న పరిమితి, ఏటా నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు 1993 నాటి ఆదేశం నుంచి వచ్చాయి. బ్రిటన్ ప్రభుత్వం ఈ రెండవదానిని 1998లో గాని తన చట్టంలో చేర్చలేదు.

రైల్వే సంఘాల ఫిర్యాదుకూ ఆధారమున్నది. పట్టాల లెక్కలు వేరు, రైళ్లు నడిపే లెక్కలు వేరు చేయాలని 1991లో యూరపు ఆదేశం వచ్చింది. ఆ దారినే పోటీ ప్రవేశించింది. 2007 డిసెంబరులో యూరపు న్యాయస్థానం వైకింగ్, లావాల్ కేసులలో ఇచ్చిన తీర్పులు మరింత కలవరపరచినవి. సమ్మె హక్కు మౌలికమైనదేనంటూనే, వ్యాపార స్వేచ్ఛకు అది కలిగించే ఆటంకం మితిమీరరాదని ఆ న్యాయస్థానం షరతు పెట్టింది. హక్కును ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో త్రాసులో పెట్టడమంటే ఇదే.

అయితే బ్రిటిష్ రైల్వేను ముక్కలు చేసి అమ్మినదెవరు? 1991 ఆదేశం లెక్కలు విడదీయమన్నదే గాని సంస్థను అమ్మమనలేదు. అమ్మకానికి దారితీసిన 1993 చట్టం లండను పార్లమెంటు చేసినది. ఫ్రాన్సు, జర్మనీలు అదే సమాఖ్యలో ఉంటూ తమ జాతీయ రైల్వేలను ప్రభుత్వరంగంలోనే ఉంచుకున్నాయి. పైగా జర్మన్, ఫ్రెంచి, డచ్చి ప్రభుత్వ రైల్వేల అనుబంధ కంపెనీలు బ్రిటన్‌లో రైళ్లు నడిపి లాభాలు గడించాయి! తపాలా కథ కూడా ఇంతే. ఉత్తరాల మార్కెట్టును పూర్తిగా తెరవడానికి యూరపు గడువు అధికభాగం దేశాలకు 2010 చివరివరకు ఉండగా, బ్రిటన్ 2006 జనవరి 1నే తెరిచివేసింది. 2013లో రాయల్ మెయిల్ వాటాలను అమ్మకానికి పెట్టింది. బ్రసెల్స్ తలుపు తీయమన్నది నిజం. ఇంటిని వేలం వేసినది మాత్రం ఇంటి పెద్దలే.

ఇక నిష్క్రమణ తరువాత ఏమయింది? సమాఖ్యకు చెల్లిస్తున్న సొమ్ము వారానికి 35 కోట్ల పౌండ్లని, దానిని ప్రజా వైద్యానికి మళ్లించవచ్చునని బస్సుపైన రాసి ఊరూరా తిప్పారు. సమాఖ్య తిరిగి ఇచ్చేదానిని మినహాయించని ఆ అంకె తప్పని నాడే తేలింది. దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం, విదేశ వ్యాపారం 15 శాతం తక్కువగా ఉంటాయని ప్రభుత్వ నిధులతోనే నడిచే బడ్జెటు బాధ్యతా కార్యాలయం అంచనా వేసింది. ఆ లోటు కార్మికుని జీతంలోను, ఆసుపత్రిలోను, బడిలోను కనిపించక తప్పదు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ ప్రధాన భూభాగం నుంచి యూరపు దేశాలకు పంపే ప్రతి సరుకు పార్సెలుకూ కస్టమ్స్ ప్రకటన అతికించవలసి వచ్చింది. కౌంటరులో కూర్చునే సోదరునికి దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు. కోవిడ్ కాలంలో ఆష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్ స్టేషన్లలో ఆగడం మానేసిన యూరోస్టార్ రైళ్లు తిరిగి అక్కడ ఆగలేదు. కొత్తగా వచ్చిన పాస్‌పోర్టు తనిఖీలు దానికి చెప్పిన కారణాలలో ఒకటి.

హక్కుల సంగతి మరింత గంభీరమైనది. 2022 మార్చి 17న పి అండ్ ఓ ఫెర్రీస్ కంపెనీ 786 మంది నావికులను ముందస్తు సంప్రదింపు లేకుండా తొలగించింది. రికార్డు చేసిన వీడియో ద్వారా వారికి ఆ వార్త వినిపించింది. వారి స్థానంలో బ్రిటన్ కనీస వేతనంకంటె తక్కువకు ఏజెన్సీ కార్మికులను తెచ్చింది. సంఘాలను సంప్రదించవలసి ఉన్నదని తెలిసే సంప్రదించలేదని కంపెనీ అధిపతి పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నారు. ఇది నిష్క్రమణ వల్లనే జరిగిందనడం అతిశయోక్తి. కాని అధికారం స్వదేశానికి తిరిగివచ్చిందని చాటిన ప్రభుత్వం ఆ అధికారంతో ఒక్క నావికుని ఉద్యోగమైనా నిలబెట్టలేకపోయింది.

అదే ఏడు ఆ ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. యూరపు మూలం గల చట్టాలలో ప్రత్యేకంగా నిలుపుకున్నవి తప్ప మిగిలినవన్నీ 2023 చివర తమంతట తామే రద్దవుతాయన్నది దాని సారాంశం. సెలవు, పనిగంటలు, బదలాయింపు రక్షణ అన్నీ ఒక్క కలంపోటుకు అందేంత దూరంలోకి వచ్చాయి. సంఘాలతోపాటు అనేక వర్గాలు ఎదురుతిరగడంతో 2023 మేలో ప్రభుత్వం వెనుకంజ వేసి, రద్దును దాదాపు 600 నిబంధనలకు కుదించింది. అంతలోనే జూలైలో మరొక చట్టం వచ్చింది. రైల్వే మొదలైన సర్వీసులలో సమ్మె రోజున కూడా కనీస పని జరగాలని, పేర్లు రాసి నోటీసు ఇచ్చినవారు పనికి రావలసిందేనని అది నిర్దేశించింది. ఆ నోటీసులు జారీ చేయడానికి ఏ రైల్వే యాజమాన్యమూ సాహసించలేదు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 నాటి ఉద్యోగ హక్కుల చట్టం దానిని రద్దుచేసింది. కాపాడినది ఒప్పందపత్రం కాదు, సంఘబలం.

యాజమాన్యం విషయంలో రెండు ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2024 చట్టం ప్రకారం ప్రయాణికుల రైళ్లు మళ్లీ ప్రభుత్వరంగంలోకి వస్తున్నాయి. 2025 మే 25న సౌత్ వెస్టర్న్ రైల్వేతో ఆ క్రమం మొదలయింది. ఇది స్వాగతించదగినది. నిష్క్రమణే దీనిని సాధ్యం చేసిందని కొందరంటారు. కాని తూర్పుతీర ప్రధాన మార్గం 2018లోనే, బ్రిటన్ సమాఖ్య సభ్యదేశంగా ఉండగానే, ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. ప్రైవేటు కంపెనీలు చతికిలపడడం, ప్రజల విసుగు, సంఘాల పట్టుదల – ఇవే అసలు కారణాలు. తపాలా దారి మాత్రం ఎదురుదిశలో సాగింది. ఐదు శతాబ్దాల చరిత్ర గల రాయల్ మెయిల్ 2025లో చెక్ కోటీశ్వరుడు దానియేల్ క్రెటిన్‌స్కీ కంపెనీ చేతికి పోయింది. మాతృసంస్థ ధర 360 కోట్ల పౌండ్లు. యూరపు సమాఖ్య నుంచి బయటపడిన దేశపు తపాలా, యూరపు సమాఖ్య సభ్యదేశపు ధనికుని సొత్తయింది. అదే ఏడు జూలై 28 నుంచి రెండవ తరగతి ఉత్తరాలను రోజు విడిచి రోజు బట్వాడా చేయడానికి అనుమతి లభించింది. సరిహద్దు కట్టినది మనుషులకు. మూలధనానికి ఏ గేటూ పడలేదు.

మనుషుల మాట వచ్చింది గనుక, మనవారి సంగతి కూడా ఒక మాట. యూరపు కార్మికుల రాక తగ్గినచోట భారతదేశం నుంచి నర్సులు, వృద్ధుల సంరక్షకులు వెళ్లారు. వారిలో తెలుగు బిడ్డలూ ఉన్నారు. సంరక్షకులకు 2022 ఫిబ్రవరిలో తెరిచిన వీసా ద్వారాన్ని, విదేశాల నుంచి కొత్తగా నియమించుకునేవారికి 2025 జూలై 22న మూసివేశారు. యజమాని పేరుతో ముడిపడిన వీసా మీద బతికేవాడు అన్యాయం జరిగినా నోరు విప్పడానికి జంకుతాడు. వలస కార్మికుని సంఘంలో చేర్చుకోవడమే స్థానిక కార్మికుని వేతనానికీ రక్ష.

ఈ చరిత్రలో మనలను ఉత్తేజపరిచే రోజు ఒకటున్నది. 2022 అక్టోబరు 1న రైల్వే సంఘాలు, తపాలా సంఘం ఒకే రోజున సమ్మెకట్టాయి. ఆ నెలలో ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరింది. ఆరేళ్ల క్రితం ఒకరు వెళ్లుదామని, ఒకరు ఉందామని ఓటడిగిన సంఘాల సభ్యులు పికెటింగులో ఒకరికొకరు అండగా నిలిచారు. నువ్వు ఎటు ఓటు వేశావని ధర అడగలేదు, యజమాని అడగలేదు. జీతం చాలడం లేదన్న సత్యం వారిని కలిపింది.

మనకు ఇందులో పాఠమున్నది. మన దేశంలో 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. సంఘం పెట్టుకునే హక్కుకు, సమష్టి బేరసారాలకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒడంబడికలను భారత ప్రభుత్వం నేటికీ ఆమోదించలేదు. చట్టం కావాలి, ఒడంబడిక కావాలి, వాటికోసం పోరాడుదాము. కాని పైనుంచి వచ్చిన హక్కు పైవారు తలచుకుంటే తిరిగి పోతుందని బ్రిటన్ అనుభవం చెబుతున్నది. దానిని నిలబెట్టేది డివిజనులో, సార్టింగు ఆఫీసులో, లోకో షెడ్డులో ఉన్న మన శాఖ.

ప్రాంతం, భాష, మతం, దేశాభిమానం పేరిట ఏదో ఒక ప్రశ్న మన ముందుకు వస్తూనే ఉంటుంది. జవాబు చెప్పేముందు ప్రశ్న ఎవరు వేశారో, ఎవరి లాభానికి వేశారో విచారిద్దాము. అభిప్రాయభేదం వచ్చినా సంఘం చీలకుండా చూసుకుందాము. 1968 సెప్టెంబరు 19న రైల్వే, తపాలా ఉద్యోగులు కలిసి సమ్మె చేసిన సంప్రదాయం మనది. 1974 మే నెలలో ఉద్యోగాలు పోయినా, జైళ్లు నిండినా ఇరవై రోజులు నిలిచిన సంప్రదాయం మనది. బ్రిటన్ సోదరులు ఆరేళ్లకు తెలుసుకున్నదానిని మనము ముందే గుర్తుంచుకుందాము. ప్రతి శాఖలోను ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము.