చాకు పదును ఎవరి పని?

కత్తి మొద్దుబారితే మనలో చాలామంది చేసేది ఒకటే, ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. టమాటా చితుకుతుంది, వంకాయ జారుతుంది, అయినా నొక్కుతాం. "కొత్త కత్తి తెమ్మని ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నా" అని విసుక్కుంటాం. నిజానికి మొద్దు కత్తి వేళ్ళకూ ప్రమాదమే. పదునైన కత్తి తేలిగ్గా దిగుతుంది, మొద్దుది బలం పెట్టగానే పక్కకు జారుతుంది. అయినా పదును పెట్టడం మన పని కాదని ఎందుకో అనుకుంటాం. వాడేది మనం. బాగుచేయాల్సింది మాత్రం మావారో, సైకిల్ మీద వచ్చే సానబట్టే అతనో, లేదంటే కంపెనీవాళ్ళో.

ఈ మధ్య మా ఇంట్లో ఇదే విషయం మీద వారం రోజులు చర్చ జరిగింది. కారణం మా మామయ్యగారి మడతచాకు.

మామయ్యగారు బడిలో లెక్కలు చెప్పేవారు, ఇంటికొస్తే మొక్కలే లోకం. పెరట్లో ఉన్న మూడు మామిడిచెట్లూ ఆయన అంటు కట్టినవే. తొలకరి పడ్డాక టెంక నుంచి వచ్చిన లేత మొక్క తల కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను ఏటవాలుగా చెక్కి, ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేవారు. దానికి వాడింది ఈ చాకే. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్ళే ముందు స్పిరిట్‌తో తుడిచేవారు, ఒకదాని తెగులు మరొకదానికి అంటకూడదని. ఆయన పోయి నాలుగేళ్ళయింది. పోయేముందు ఆ చాకును కొడుక్కి ఇవ్వలేదు, మనవడికీ ఇవ్వలేదు. "అమ్మాయ్, ఇది నీ దగ్గర ఉంచు" అని నా చేతిలో పెట్టారు.

మొన్న ఒక జామమొక్క కొమ్మ కోద్దామని తీస్తే చాకు తెరుచుకోవడమే కష్టమైంది. బ్లేడు మీద రెండు మూడు తుప్పు చుక్కలు, కీలు దగ్గర నల్లగా గట్టిపడిన జిగురు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి వెంటనే, "అమ్మా, అది మంచి విదేశీ కంపెనీది. వాళ్ళకు సర్వీసింగ్ ఉంది, పంపిద్దాం" అన్నాడు. మావారూ దానికే ఓటేశారు. "వాళ్ళకు శిక్షణ ఉంటుంది, యంత్రాలుంటాయి. మనం కెలికి పాడుచేయడం ఎందుకు?"

ఆ మాటలో తప్పులేదు. సర్వీసింగ్‌ను నేను తక్కువ చేయడం లేదు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారికి, ట్రెక్కింగ్ సరదా. ఆయన దగ్గర ఒక లాకు చాకు ఉండేది. తెరిచాక బ్లేడు వెనక్కి మడవకుండా పట్టుకునే లాకు అరిగి, ఒక్కోసారి వదిలేయడం మొదలుపెట్టింది. కంపెనీకి పంపారు. అయిదు వారాలకు వాళ్ళు బాగుచేసి పంపలేదు, దాని బదులు కొత్త చాకే పంపారు. ఆయన పండగ చేసుకున్నారు. లాకు వదిలేసే చాకు అంటే చేతిలో వేళ్ళ మీదికి మూసుకునే చాకు. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని.

కానీ నా చేతిలో ఉన్నది వేరే చాకు. మా అబ్బాయి కంపెనీ వాళ్ళకు రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. తయారీలో లోపముంటే ఉచితంగా చూస్తారట. వాడకం వల్ల వచ్చిన అరుగుదల హామీ కిందికి రాదట. బాగుచేయడానికి వీల్లేదనిపిస్తే దానికి సరితూగే కొత్తది ఇవ్వవచ్చట. కంపెనీ దృష్టిలో ఇది ఉదారమైన మాటే. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. పాతికేళ్ళు సానరాయి మీద తిరిగి సన్నబడిన ఆ బ్లేడు, ఆయన బొటనవేలు ఆని నునుపెక్కిన ఆ చెక్క పిడి. వాటి బదులు మెరిసే కొత్త చాకు వస్తే నేనేం చేసుకోను?

అందుకని చాకు ఇంట్లోనే ఆగింది. ఆగాక దాన్ని ఎలా చూసుకోవాలో తెలియాలి కదా. అది పెద్ద విద్యేం కాదు. మనకు చేతనైన పనే.

ముందు మన చాకు ఏ రకమో చూడాలి. ప్లాస్టిక్ పిడి ఉన్న స్విస్ చాకులు చాలామంది ఇళ్ళలో ఉంటాయి, ఎవరో ఒకరు విదేశం నుంచి తెచ్చినవి. వాటి సంగతి ఒకటి చెబితే మీకు నచ్చుతుంది. 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన స్విట్జర్లాండులోని ఇబాక్‌లో కత్తుల పని మొదలుపెట్టాడు. 1891లో స్విస్ సైనికులకు చాకులు ఇచ్చాడు. 1909లో తల్లి చనిపోతే ఆమె పేరు విక్టోరియానే తన సరుకుకు పెట్టుకున్నాడు. తర్వాత 1921లో స్టెయిన్‌లెస్ స్టీలును సూచించే 'ఇనాక్స్' కలిసి విక్టోరినాక్స్ అయింది. ప్రపంచమంతా మగవాళ్ళు జేబులో పెట్టుకు తిరిగే ఆ చాకు మీద ఉన్నది ఒక అమ్మ పేరు!

ఆ చాకులు బిగుసుకుంటే మందు చాలా తేలిక. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే నాలుగైదుసార్లు తెరిచి మూస్తే లోపలి దుమ్ము వదులుతుంది. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, కీలు దగ్గర ఒక చుక్క నూనె. అంతే. చెక్క పిడి ఉన్నవాటికి మాత్రం ఈ నీటి వైద్యం పనికిరాదు, చెక్క ఉబ్బుతుంది. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతం నుంచి వచ్చే ఒపినెల్ చాకులు అలాంటివే. తడిస్తే పిడి ఉబ్బి బ్లేడు బయటికి రానంటుంది. మామయ్యగారి చాకుదీ చెక్క పిడే కాబట్టి నేను నీళ్ళ జోలికి పోలేదు. పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపాను. స్పిరిట్‌లో తడిపిన గుడ్డను పుల్లకు చుట్టి, పిడికి తగలకుండా కీలు దగ్గరి జిగురు తీశాను. ఆ జిగురు ఏమిటనుకున్నారు, ఏళ్ళనాటి మామిడి సొన.

నూనె విషయంలో ఒక జాగ్రత్త. వంటనూనె వేయకండి. కొన్నాళ్ళకు అది గాలికి జిగురుగా మారి కీలును ఇంకా బిగిస్తుంది. మూకుడు అంచున పేరుకునే జిడ్డు మనకు తెలిసిందే కదా, అదే ఇక్కడా జరుగుతుంది. కుట్టుమిషన్ నూనె కీలుకు బాగా పనిచేస్తుంది, కానీ అది తినే వస్తువులకు తగలకూడదు. పండ్లు కోసే చాకయితే తినే వస్తువులకు తగిలినా ఫరవాలేదని రాసి ఉన్న మినరల్ ఆయిల్ కొనుక్కోవడం మంచిది. ఏదైనా సరే, ఒక చుక్క చాలు. ఎక్కువ వేస్తే దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

స్టెయిన్‌లెస్ కదా, తుప్పు ఎందుకు పట్టిందంటారేమో. స్టెయిన్‌లెస్ స్టీలులో ఉండే క్రోమియం పైన కంటికి కనపడని పొరను ఏర్పరచి ఇనుమును కాపాడుతుంది. నిమ్మరసం, ఉప్పు, ఆవకాయ ఊట, మామిడి సొన గంటలకొద్దీ ఆ పొరమీద ఉంటే దానికీ ఓపిక నశిస్తుంది. కార్బన్ స్టీలు అయితే ఆ కాస్త రక్షణ కూడా ఉండదు. కోయడం అవగానే కడిగి తుడిచేస్తే ఈ సమస్యే రాదు. చిన్న చుక్కలయితే వంటసోడా ముద్దతో మెల్లగా రుద్దితే పోతాయి. నాకు రెండు పోయాయి, ఒక మచ్చ మిగిలింది. ఉండనిచ్చాను.

ఇక పదును. వీధిలో తిరిగే సానచక్రం అతన్ని నేను గౌరవిస్తాను. కత్తిపీటకు, కొడవలికి ఆయనే సరి. కానీ సన్నని చాకును పొడి చక్రం మీద పెడితే నిమిషంలో అంచు వేడెక్కి నీలి రంగు తిరుగుతుంది. అలా నీలమైన చోట ఉక్కు బిరుసు పోతుంది, తర్వాత ఎంత పదును పెట్టినా నిలవదు. చాకుకు తడి సానరాయే మేలు. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్న రాయి ఒక్కటి కొనుక్కుంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

ఏ కోణంలో పట్టాలన్నదే అందరి భయం. ఒక కాగితం తీసుకోండి. దాని మూల తొంభై డిగ్రీలు. సగానికి మడిస్తే నలభై అయిదు. ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. రాయి పక్కన ఆ మడత పెట్టుకుని, దానికంటే కాస్త వాల్చి చాకు పట్టుకుంటే చాలు. మామూలు చాకుకు రెండు వైపులా ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. ఒక వైపు రుద్దుతూ పోతే రెండో వైపు అంచున సన్నని గరుకు పొర లేస్తుంది. వేలిని అంచు వెంబడి కాకుండా బ్లేడు మధ్య నుంచి అంచు బయటికి జరిపితే తెలుస్తుంది. అది లేచాక వైపు మార్చాలి. చివరికి నునుపు రాయి మీద తేలిగ్గా నాలుగు దెబ్బలు. పదును చూడటానికి బొటనవేలు వాడకండి. టమాటా తొక్క మీద పెట్టి లాగితే నొక్కకుండానే దిగాలి.

అంటుకట్టే చాకులు ఇలా ఉండవు. మామయ్యగారి చాకుకు ఒకవైపే వాలు, రెండోవైపు పూర్తి చదును. ఆ చదును వైపు ఉండబట్టే పుల్ల మీద కోత అద్దంలా సమంగా వస్తుంది. రెండు ముక్కలూ సందు లేకుండా అతుక్కుంటేనే అంటు బతుకుతుంది. ఆ సంగతి తెలియని వాళ్ళెవరైనా దాన్ని రెండువైపులా సానబడితే చూడ్డానికి మెరుస్తుంది, అంటుకు మాత్రం పనికిరాదు. మావారికి నేను చెప్పింది ఇదే. "వాళ్ళకు శిక్షణ ఉంటుంది నిజమే. ఈ చాకు ఏం కోస్తుందో మాత్రం మనకే తెలుసు."

అలాగని అన్నీ ఇంట్లోనే చేయమని నేననను. నేను పెట్టుకున్న గీత ఇది. తుడవడం, ఆరబెట్టడం, నూనె వేయడం, సానరాయి మీద పదును పెట్టడం మనవి. స్ప్రింగు విరిగినా, లాకు జారినా, బ్లేడు పక్కలకు ఊగినా, కొత్తగా కొన్నదాంట్లోనే లోపం కనపడినా అవి కంపెనీవి. రివిట్లు కొట్టిన చాకును విప్పబోతే దాన్ని పగలగొట్టినట్టే. స్క్రూలున్నవాటిని విప్పినా కొన్ని కంపెనీల హామీ పోతుంది, ముందు కాగితం చదువుకోవాలి. అనుమానం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ పని తప్పుగా జరిగితే వెనక్కి తీసుకోగలమా? నూనె ఎక్కువైతే తుడిచేయొచ్చు. అరిగిన ఉక్కు తిరిగి రాదు. అందుకే సాన ఎప్పుడూ కొంచెం కొంచెంగానే పట్టాలి.

పంపక తప్పనప్పుడు కూడా మన మాట మనం చెప్పొచ్చు. ఫోటోలు తీసి పెట్టుకోండి. "బాగుచేయలేకపోతే బదులు కొత్తది వద్దు, ఇదే తిరిగి పంపండి" అని స్పష్టంగా రాయండి. కొత్తది వస్తే సంతోషించే చాకులుంటాయి, సంతోషించలేని చాకులూ ఉంటాయి. ఏది ఏదో కంపెనీకి ఎలా తెలుస్తుంది?

మనం పొద్దున లేస్తే చేసేదంతా ఇలాంటి పనే. కుక్కరు గాస్కెట్టు మారుస్తాం, స్టవ్ బర్నర్ రంధ్రాలు పిన్నీసుతో తీస్తాం, కుట్టుమిషన్‌కు నూనె వేస్తాం, ఫిల్టరు కడుగుతాం. దాన్నెవరూ మరమ్మతు అనరు, మనమూ అనుకోం. అదే పని బయట చేస్తే సర్వీసింగ్ అని బిల్లు వేస్తారు. చాకు కూడా ఆ వరుసలోదే. పిల్లలకు జ్వరం వస్తే కషాయం ఎప్పటిదాకా, డాక్టరు ఎప్పటినుంచి అని తేల్చేది మనమే కదా. ఆ తేల్చుకోవడం ఉన్నచోట భయం అక్కర్లేదు.

మీ ఇంట్లోనూ ఏ సొరుగులోనో ఇలాంటి చాకు ఒకటి పడి ఉంటుంది, నాన్నగారిదో, తాతగారిదో. ఈ ఆదివారం తీసి చూడండి. ముందు ఆరబెట్టి, తుడిచి, ఒక చుక్క నూనె వేసి, మెల్లగా తెరవండి. సానరాయి సంగతి తర్వాత. ఆ తర్వాత కంపెనీకి పంపాలో వద్దో మీకే తెలుస్తుంది.