కాంక్రీటు పోయకమునుపే తేలవలసిన విషయము

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతములలో వెలసిన నివాసప్రాంగణములను పరిశీలించినచో, క్లబ్‌హౌసును ఆనుకొని యొక ఈతకొలను లేని పెద్ద ప్రాంగణము అరుదుగా కాన్పించును. ఫ్లాటు కొనువారు టైల్సు రంగును, నీటి నైర్మల్యమును చూతురుగాని, ఆ నీటిలోనికి దిగు పసివానికిని, పైకి వచ్చు వృద్ధునకును ఆధారమైన ఉక్కు నిచ్చెన గట్టులో దేనిని పట్టుకొని నిలిచియున్నదో అడుగువారు లేరు. గట్టు కాంక్రీటులో పాతి నిచ్చెన కాళ్లను పట్టియుంచు ఆ యాంకరును ఎన్నుకొనుట నిర్మాణపు చివరి దినములలో మేస్త్రీకి వదలివేయదగిన చిల్లరపని కాదనియు, కాంక్రీటు పోయకమునుపే ప్లానులో నిర్ణయింపవలసిన ప్రాణరక్షణ విషయమనియు నా దృఢవిశ్వాసము.

నీటిలో నున్నంతసేపు దేహభారమును చాలవరకు నీరే మోయును. పైకి లేచునప్పుడు అది మెట్టుమీదికిని, చేతులగుండ నిచ్చెన కమ్మికిని సంక్రమించును. గట్టుపై 90 సెంటీమీటర్ల ఎత్తున కమ్మిని 30 కిలోల బలముతో లాగినచో, 10 సెంటీమీటర్ల లోతుగల యాంకరు గోడలపై ఇంచుమించు తొమ్మిదిరెట్ల ఒత్తిడి పడును. లోతు 15 సెంటీమీటర్లైనచో అది ఆరురెట్లకు తగ్గును. కావున పైపరచిన గ్రానైటు పలకకు రంధ్రములు చేసి, నాలుగు ఫాస్టెనర్లతో నిచ్చెనను బిగించుట చాలదు. పోడియముపై కట్టిన కొలనులలో ఆ డ్రిల్లు వాటర్‌ప్రూఫింగు పొరను చీల్చు ప్రమాదమును కలదు.

ఇక లోహము మాట. నిచ్చెన గట్టులో దిగుచోట నుండు గుండ్రని మూతబిళ్లను ఎత్తి చూచినచో, పైన తళతళ మెరయు కమ్మికే క్రింద గోధుమరంగు మరకలును, బోరునీటి సున్నము పట్టి తిరుగని బోల్టును కాన్పించుట కలదు. చిందిన నీరు ఆ సందులో మాటిమాటికి ఆరుటచే క్లోరైడులు పేరుకొని ఉక్కును గుంటలుగా తినివేయును. 2 నుండి 3 శాతము మాలిబ్డినమ్ గల 316 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు ఈ దాడికి 304 రకముకంటె ఎక్కువగా ఓర్చును. సాధారణ క్లోరిన్ కొలనులకు కంచు యాంకరు నమ్మదగినది. ఉప్పునుండి క్లోరిన్ పుట్టించు కొలనులకు దృఢమైన ప్లాస్టిక్ యాంకరు మేలు. పచ్చి కాంక్రీటులోని క్షారము అల్యూమినియమును తినును గనుక దానిని దూరముగ నుంచవలెను.

స్టెయిన్‌లెస్ స్టీలుకు చేటులేదను ధీమా ఎంత ప్రమాదకరమో 1985 మే 9న స్విట్జర్లాండులోని ఊస్టరు పట్టణము చూచినది: అచటి ఈతకొలనుపై వ్రేలాడు కాంక్రీటు కప్పు కూలి 12 మంది మరణించిరి. ఆ కప్పును మోయు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు క్లోరైడుల వలన బీటలువారుటయే కారణమని తేలినది. కప్పుతో పోల్చినచో నిచ్చెన చిన్నదే. లోహమునకు కలుగు చేటు మాత్రము ఆ జాతిదే.

నీటిలో దీపములు, ప్రక్కగదిలో పంపులు ఉన్నచోట విద్యుద్భయమును కలదు. లోహపు యాంకరునకు ఎర్తుతీగ బిగించు స్క్రూ ఉండవలెను. ఆ తీగను కాంక్రీటులోని ఊచలతోను, తక్కిన లోహభాగములతోను కలుపుటచే తడిచేతికిని నీటికిని నడుమ అపాయకరమైన వోల్టేజి భేదము కలుగకుండును. ప్లాస్టిక్ యాంకరైనచో నిచ్చెనకు తీగ ఎట్లు చేర్చవలెనో ఎలక్ట్రికల్ ఇంజనీరుచే ముందే తేల్చుకొనవలెను. కాంక్రీటు గట్టిపడిన పిదప ఆ స్క్రూ ఎవరికిని అందదు.

ఖర్చు మాట ఎత్తువారు, మంచి యాంకరు వెలను, గట్టు పగులగొట్టి దానిని మార్చుటకు పట్టు వ్యయముతో సరిచూడవలెను. 2016 నాటి రెరా చట్టము 14(3) సెక్షను ప్రకారము, ఇల్లు స్వాధీనపరచినది మొదలు ఐదేండ్లలోపల నిర్మాణలోపముగాని, పనితనపు లోపముగాని దృష్టికి తెచ్చినచో ప్రమోటరు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. కావున ఓనర్ల సంఘములు కొలనును అప్పగింత పుచ్చుకొనునాడే యాంకరు రకమును తెలుపు ఇన్‌వాయిసును, కాంక్రీటునకు ముందు తీసిన ఫొటోలను, ఎర్తు పరీక్షాఫలితమును వ్రాతపూర్వకముగా కోరవలెను. ఏటేట మూతబిళ్లలు ఎత్తి చూడవలెను. కదలు కమ్మి కనబడిననాడే కొలను మూయవలెను. బిల్డర్లు అడుగకయే ఈ పత్రములను ఇచ్చు మర్యాద సైబరాబాదులో వెంటనే నెలకొనవలెను.