సైకిలుకొక త్రోవ కావలెను

ఆదివారమునాడు తెల్లవాఱక మునుపే హైదరాబాదు నగరపు పడమటి దిక్కున నార్సింగి, గండిపేట, చిలుకూరు, మొయినాబాదు త్రోవలయందు రెండు విధముల సైకిళ్ళు కనబడును. శిరస్త్రాణములు ధరించి, ముందు తెల్లని దీపమును వెనుక ఎఱ్ఱని దీపమును మినుకుమినుకుమనుచుండగా జట్లు జట్లుగా సాగిపోవు వైద్యులు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, గృహిణులు ఒక తెగ. క్యారియరుకు ఇరువైపుల పాలక్యాన్లు వ్రేలాడుచుండగానో, హ్యాండిలుకు టిఫిను డబ్బా తగిలించుకొనియో, రాత్రి కాపలా ముగించుకొని యింటికి మరలుచునో, దీపము లేని పాతసైకిలుపై రోడ్డు అంచునంటి ఒంటరిగా పోవు శ్రామికులు మఱియొక తెగ. ఒకే బాటపై, ఒకే వేళ, ఒకే లారీకి జడియుచు పోవు ఈ రెండు తెగలవారును ఒకరినొకరు పలుకరించుకొనుట అరుదు. మొదటివారికి సంఘములు కలవు, పత్రికలలో ఛాయాచిత్రములు కలవు, అధికారుల యెదుట నిలిచి మాటాడగల చనువు కలదు. రెండవవారికి ఇవి యేవియు లేవు. మొదటివారి గొంతు రెండవవారి కొఱకు పలుకనంతకాలము మన నగరములయందలి సైకిలు ఉద్యమము సెలవుదినపు వేడుకగానే మిగిలిపోవుననియు, ఆ గొంతు పలికిననాడు మన రహదారుల స్వరూపమే మాఱగలదనియు నా దృఢవిశ్వాసము.

ఆ వేడుకను నేను తక్కువ చేసి పలుకుటలేదు. హైదరాబాదునుండి వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలకు సైకిలుపై పోయినవాడు ఒక నది కథను తుదినుండి మొదటికి చదివినవాడగును. 1908 నాటి మూసీ వఱద నగరమును ముంచి వేలమందిని బలిగొన్న పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై నిర్మించిన రెండు జలాశయములలో మొదటిదియు, 1920లో పూర్తియైనదియు నగు ఉస్మాన్‌సాగరము, అనగా మన గండిపేట చెఱువు, తొలుత కన్నులబడును. అటుపిమ్మట చిలుకూరు బాలాజీ ఆలయమునకు పోవు జనము, తరువాత మొయినాబాదు దాటినది మొదలు మన్నెగూడ వఱకు పూర్వులు బాటసారుల నీడకై నాటించిన సుమారు 900 మఱ్ఱిచెట్లు, తుదకు ఆ మూసీ జన్మించిన అనంతగిరి అడవి, అందలి అనంతపద్మనాభస్వామి సన్నిధి. కారులో పోవువానికి ఈ త్రోవ యొక్క పొడవు మాత్రమే తెలియును. సైకిలుపై పోవువానికి దాని ఎత్తుపల్లములును, ఎదురుగాలియు, పంటచేల వాసనయు, మఱ్ఱినీడలో అడుగిడినంతనే చల్లబడు చెమటయు దేహమునకు తెలియును. ఆ చెట్లను రోడ్డు విస్తరణ పేరిట కొట్టివేయరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు దనుక వ్యాజ్యము నడచినప్పుడు, ఆ నీడ విలువ యెంతయో అక్షరాల అనుభవించి యెఱిగిన సైకిలువారికి ఆ వ్యాజ్యము పరులది కాదు.

మన సైకిలు సంఘములు నెలకొల్పిన ఆచారములలో మిక్కిలి గౌరవింపదగినది 'బ్రెవే' యనబడు దీర్ఘయాత్ర. ఫ్రాన్సు దేశమున 1891లో తొలిసారి జరిగిన పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలుపందెము కాలక్రమమున పందెపు స్వభావమును విడనాడి, నాలుగేండ్లకొకసారి 1200 కిలోమీటర్లను 90 గంటలలో ముగింపవలసిన యాత్రగా పరిణమించినది. ఆ యాత్రకు అర్హత నిచ్చు 200, 300, 400, 600 కిలోమీటర్ల ప్రయాణములు నేడు మన దేశమునను విరివిగా జరుగుచున్నవి. మన హైదరాబాదునుండియు ఆ ఫ్రెంచి యాత్రకు పోయి వచ్చినవారు కలరు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరువది, 400కు ఇరువదియేడు, 600కు నలువది గంటలు గడువు. ఇందు మొదటివాడు, చివరివాడు అను భేదము లేదు, బహుమతి లేదు, వెంట సహాయవాహనము నడుపరాదు, పంక్చరు పడిన ట్యూబును ఎవరిది వారే మార్చుకొనవలెను, నియమిత స్థలములయందు గడువులోపల చేరినట్లు చీటీపై గుఱుతు వేయించుకొనవలెను. గెలుపోటములు లేని ఈ శ్రమయందు అన్యోన్యత సహజముగా పెంపొందును: ముందు పోవువాడు గాలి కడ్డుపడి వెనుకవానికి శ్రమ తగ్గించును, నిద్రమత్తున తూలువానిని తోడివాడు మాటలలో పెట్టి మేల్కొలుపును.

ఈ యాత్రలలోని యొక నిబంధన నా ఆలోచనను మలుపు త్రిప్పినది. రాత్రివేళ ముందు వెనుకల దీపములును, వెలుతురు పడినంతనే మెఱయు పట్టీలుగల చొక్కాయు లేనివానిని యాత్ర సాగింపనీయరు. అట్టి సాధనసామగ్రితో ఒకానొక రాత్రి బెంగుళూరు రహదారిపై కొత్తూరు దాటి పోవుచుండగా, కర్మాగారములో పని ముగించుకొని దీపము లేని సైకిలుపై ఇల్లు చేరబోవు నడివయస్సు మనిషి నా వెలుతురు చూచి ప్రక్కకు వచ్చి, "ఏడికి పోతున్రు సారూ, గీ రాత్రి?" అని యడిగెను. దూరము చెప్పితిని. కొంతసేపు మౌనముగా తొక్కి, తాను ఏండ్ల తరబడి ఈ త్రోవనే రాత్రులయందు పోవుచున్నానని చెప్పి, "ఎనుకకెల్లి లారీ చప్పుడు ఇనంగనే మట్టిలకు దిగుత సారూ" అనెను. నాకు సంవత్సరమున కొన్ని రాత్రులకు మాత్రమే, అదియు నా యిచ్ఛచేతనే, ఎదురగు అపాయము ఆతనికి నిత్యకృత్యము. నా రక్షణకై నిబంధనలు వ్రాసినవారు కలరు. ఆతని రక్షణకు ఆతని చెవి యొక్కటే యాధారము. మేమిద్దరము తొక్కినది ఒకే రోడ్డు. కాని యా రోడ్డు ప్రక్కన చదునైన అంచు లేకపోవుట నాకు అసౌకర్యము, ఆతనికి ప్రాణసంకటము.

సైకిలు మన నేలకు క్రొత్తది కాదు, దానిపై పోవుట ఒకప్పుడు చిన్నతనమును కాదు. గంటకింతయని సైకిళ్ళను అద్దెకిచ్చు దుకాణములు మన ఊరూరను ఉండెడివి. 1952లో రాజ్యసభ సభ్యులైన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలుపై పోయెడివారు. తరువాత హైదరాబాదున శాసనసభకును అట్లే పోయిరి. 2011 జనగణనము నాటికి దేశమున నూటికి 44.8 కుటుంబములకు సైకిలుండగా, స్కూటరు మోటారుసైకిళ్ళు గలవి 21, కారు గలవి 4.7 మాత్రమే. అయినను మన రోడ్ల ప్రణాళికలన్నియు ఆ చిట్టచివరి సంఖ్య కొఱకే వ్రాయబడినట్లు తోచును. 1951లో సోనిపట్టున స్థాపితమై తరతరముల భారతీయులకు సైకిళ్ళనందించిన అట్లాస్ సంస్థ, సాహిబాబాదులోని తన కర్మాగారమున పని నిలిపివేసినది 2020 జూన్ 3వ తేదీన. ఐక్యరాజ్యసమితి ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించిన దినమది. ప్రభుత్వములు సైకిళ్ళు పంచుట నెఱుగనివి కావు: ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకము క్రింద ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్ళనిచ్చిరి, బీహారులో 2006 నుండి ఇచ్చుచు బాలికల చదువును ముందుకు నడపిరి. సైకిలునిచ్చిన ప్రభుత్వము ఆ బాలిక ఇంటినుండి బడికి నిర్భయముగా పోవు త్రోవను గూడ ఈయవలదా?

హైదరాబాదున ఇటీవలి కాలమున జరిగిన గొప్ప ప్రయత్నమును ఇచట ప్రశంసింపకుండుట అన్యాయమగును. బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున, పైన సౌరఫలకముల కప్పుతో నిర్మింపబడిన సైకిలుమార్గము 2023 అక్టోబరు 1న ప్రారంభమైనది. ఆ కప్పు ఎండనుండి నీడనిచ్చుచునే 16 మెగావాట్ల విద్యుత్తును పుట్టించుటకై యేర్పడినది. వాహనభీతి లేకుండ పిల్లలు, స్త్రీలు, వృద్ధులు రాత్రియనక పగలనక సైకిలు తొక్కగల తావు నగరమునకు లభించుట ఎంతయు సంతోషదాయకము. అచట సైకిలు నేర్చి, పిమ్మట దూరయాత్రలకు బయలుదేఱినవారును కలరు. అయినను ఆ మార్గమును చేరుటకై పలువురు కారు వెనుక సైకిలును కట్టుకొని వచ్చుచున్నారన్న సత్యమును మఱువరాదు. ఇంటికిని అంగడికిని, బస్తీకిని కర్మాగారమునకును, పల్లెకును పాఠశాలకును నడుమ సంబంధము కూర్చనంతవఱకు అది ఉద్యానవనమువంటిదే గాని త్రోవ గాదు. ఇక నగరము నడుమ రోడ్ల అంచున రంగుగీత గీసి సైకిలుదారి యని పేరు పెట్టినచోట్ల ఆ గీతపై కార్లు నిలుపబడుట మనమందఱము చూచుచున్నదే; అడ్డుకట్ట లేని గీత ఎవ్వరిని రక్షింపదు.

చట్టములు, ప్రమాణములు లేకపోవుటచేత ఈ దుఃస్థితి కలిగినది కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1962లోనే సైకిలుమార్గముల నిర్మాణమునకు ప్రమాణములను ప్రకటించినది: రద్దీ వేళ గంటకు 200కు మించి మోటారు వాహనములు పోవు రోడ్డున గంటకు 100 సైకిళ్ళు పోయినను ప్రత్యేక మార్గము నిర్మించుట సమంజసమని అందు చెప్పబడినది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము వాహనముల కదలికకు గాక మనుష్యుల కదలికకు ప్రాధాన్యమీయవలెనని ఉద్ఘోషించినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ, బహిరంగ ప్రదేశములయందును జాతీయ రహదారులయందును పాదచారులు, మోటారు లేని వాహనములు సంచరించుటను గూర్చి నియమములు చేయు అధికారమును రాష్ట్రప్రభుత్వములకిచ్చినది. మఱియొకవైపు 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వాహనవేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగునన్నది పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రమే. అట్టి వేగమునకు రోడ్డును వెడల్పు చేసి, సైకిలువానికి మాత్రము గులకరాళ్ళ అంచునో, మూతలేని మురికికాలువ గట్టునో మిగిల్చిన తరువాత, ప్రమాదము జరిగిననాడు దానిని విధి యనుట ధర్మము గాదు.

మన దేశపు ఎండలకు సైకిలు తగదని కొందఱందురు. ఎండ పాలవానికిని, తాపీపనివానికిని, బడిపిల్లకును కూడ ఎండయే. వారు తొక్కక మానలేదు. మన్నెగూడ త్రోవ మఱ్ఱులను నాటినవారు ఎండకు విరుగుడు నెఱిగినవారే. సైకిలువారు ఇప్పుడెందఱున్నారని మఱికొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న న్యాయమైనదే గాని, దానికి సమాధానము పగలు పదిగంటలకు కూడలిలో నిలిచి వెదకిన దొరకదు. తెల్లవాఱుజామున పాలును, పత్రికలును నగరము ప్రవేశించు వేళను, సాయంకాలము కట్టడపు పనులు ముగియు వేళను, రాత్రి కర్మాగారములయందు పాళీలు మాఱు వేళను వెదకవలెను. ఆ వేళలయందు రోడ్డుపై నుండి వారిని లెక్కింపగలవారు ఎవరు? మన సైకిలు సంఘములవారే.

కాబట్టి నా విన్నపము వారికే. హైదరాబాదు సంఘములవారును, విశాఖపట్టణమున సముద్రతీరమున భీమునిపట్టణము దనుక సైకిలు తొక్కువారును, ఇతర పట్టణములవారును ప్రతి మాసమున ఒక ఉదయమును యాత్రకు బదులుగా లెక్కకు కేటాయింపవలెను. తాము నిత్యము పోవు రోడ్లపై ఇరువురు ముగ్గురుగా నిలిచి, గంటకు ఎన్ని సైకిళ్ళు పోయినవో, వానిలో దీపములున్నవెన్నియో, తొక్కువారు స్త్రీలెందఱో, బాలురెందఱో, అంచు ఎచట తెగిపోయినదో వ్రాసికొనవలెను. గంటకు నూఱు సైకిళ్ళన్న ప్రమాణము చేతిలో నుండగా, ఆ సంఖ్య దాటిన రోడ్డును వ్రాతమూలకముగా చూపినచో, సైకిలువారు లేరను మాట పలుకుటకు ఏ యింజనీరుకును నోరాడదు. క్రొత్త రోడ్డుకో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినపుడు ఆ లెక్కతో సభకు పోవలెను. తమవెంట ఒక పాలవానిని, ఒక కావలివానిని, ఒక బడిపిల్ల తల్లిని గూడ తోడ్కొనిపోయి, వారి మాట వారిచేతనే పలికింపవలెను. దీపమును, మెఱయు పట్టీయును ఉచితముగా దొరకు వస్తువులు గావు గాని, సంఘములకు భారమైనవియు గావు. యాత్రకు చేరు ప్రతివాడును తన రుసుముతోపాటు మఱియొకని దీపమునకు సొమ్ము చెల్లించినచో, మన రాత్రులయందు చీకటిలో పోవు సైకిళ్ళు త్వరలోనే తగ్గిపోవును.

ప్రభుత్వములను మనము కోరవలసినది ఆడంబరము గాదు. ఊరినుండి ఊరికి పోవు ప్రతి రోడ్డునకును చదునైన తారుఅంచు, కర్మాగారములున్న చోట్లను బడులున్న చోట్లను వాహనములనుండి వేఱుచేయు అడ్డుకట్ట, నీడకు చెట్లు, కూడలియందు సైకిలు దాటుటకు కొంత సమయము: ఇవి చాలును. ఇవి యేర్పడిననాడు మిక్కిలిగా లాభపడువారు వేగపు సైకిళ్ళ యజమానులమైన మేము గాము. సైకిలు తప్ప వేఱు వాహనము లేనివారు. వారికి క్షేమకరమైన రోడ్డు మాకును, ఎల్లరకును క్షేమకరమే యగును. సైకిలును ప్రేమించుటకును, సైకిలుపై బ్రతుకువానిని గౌరవించుటకును నడుమ భేదముండరాదు. ఆ భేదమును చెఱిపివేయు పూనిక మన సంఘములదే కావలెను, అదియు ఈ సంవత్సరముననే ఆరంభము కావలెను.