ఎనిమిది మందే ఎందుకు ఉరకాలి?



కిందటి నెల మన గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకరు పొద్దున పరుగు చదువుకు బరువు అని రాసినారు. చివర ఒక సలహా కూడా ఇచ్చినారు. బాగా ఉరికే ఎనిమిది మందిని ఏరుకొని వాళ్లకే కోచింగ్ ఇవ్వాలంట. మిగతా ముప్పై మంది ఆ గంటసేపు స్టడీకి కూర్చోవాలంట. ఆ సలహా కొందరు టీచర్లకు నచ్చింది. నాకు నచ్చలేదు. ఏరితే ఆ ఎనిమిది మందిలో నేను ఉంటాను గనుక, ఇది నా కోసం రాసుకున్నది కాదు.

మనకు పరుగు నేర్పే అక్క పీఈటీ టీచర్ కాదు. వేంపల్లెలో డిగ్రీ చదువుతా, జీతం లేకుండా వస్తారు. ఐదున్నరకంతా వాళ్ల నాయన టీవీఎస్ బండి మీద గేటు దగ్గర దింపిపోతాడు. అక్కకు పెద్ద మెడల్స్ ఏమీ లేవు. ఈల ఉంది, చేతి గడియారం ఉంది, రోజూ వస్తారు. కిందటేడు మార్చి 8న ఒక సంస్థ వాళ్లు వచ్చి అందరికీ టీషర్టులు పంచి, బస్టాండు దాకా ఉరికించి, ఫొటోలు తీసుకొని పోయినారు. టీషర్టు బాగుంది, నేను పండుకునేటప్పుడు ఇప్పటికీ వేసుకుంటాను. కానీ మరుసటి రోజు పొద్దున గ్రౌండులో వాళ్లలో ఒక్కరూ లేరు.

అక్క పద్ధతి చూడండి. రెండు నిమిషాలు ఉరుకు, ఒక నిమిషం నడక. ఇద్దరిద్దరు జతగా, మాట్లాడుకుంటా ఉరకాలి. మాట రానంత ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు లెక్క. మన కడప ఎండ సంగతి చెప్పే పని లేదు, ఎండ ఎక్కక ముందే అయిపోవాలి, నీళ్లు తాగాలి. నెలసరి రోజుల్లో ఉరకాలంటే ఉరకొచ్చు, లేకుంటే నడవొచ్చు, ఎవరికీ కారణం చెప్పనక్కరలేదు. ఈ ఒక్క మాట వల్లనే గ్రౌండుకు రావడం మొదలుపెట్టిన వాళ్లు మన డార్మిటరీలో ఎంతమందో మీకే తెలుసు.

మొదటి వారంలో వెనకబడి, కళ్లు తిరిగి కూర్చున్న ముగ్గురిని అక్క నర్సమ్మ దగ్గరికి పంపినారు. ముగ్గురికీ రక్తం తక్కువ అని తేలింది. అప్పటిదాకా వాళ్లను సోమరిపోతులు అన్నాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 100కి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసేవాళ్లు మనలో ఉన్నారు. (పేర్లు రాయను.) మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదని కూడా అక్కే చెప్పినారు. వెనకబడిన వాళ్లను స్టడీకి పంపించేస్తే వాళ్లు ఎందుకు వెనకబడినారో ఎవరు చూస్తారు?

మెడల్ వద్దని నేను అనను. మనలాగే గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కంచు పతకం తెచ్చింది. వాళ్ల నాయన టీ అమ్మేవాడు. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి జీవంజి దీప్తిని చిన్నప్పుడు ఊర్లో ఎగతాళి చేసేవాళ్లు. ఆమెకు బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉంది. బడిలో ఉరుకుతుంటే వ్యాయామ ఉపాధ్యాయుడు కనిపెట్టినాడు. 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది. ఎగతాళి పడే పిల్లను కూడా ఉరకనిస్తేనే కదా ఎవరైనా కనిపెట్టేది.

ఇంకోటి. అమెరికాలో షార్లెట్ అనే ఊర్లో మోలీ బార్కర్ అనే ఆమె 1996లో 13 మంది ఆడపిల్లలతో పరుగు కార్యక్రమం మొదలుపెట్టినారు. ‘గర్ల్స్ ఆన్ ది రన్’ అని దాని పేరు. అక్కడ నేర్పేవాళ్లు జీతం లేని కోచ్‌లే. చివర్లో అందరూ కలిసి 5 కిలోమీటర్లు పోతారు. ఉరికేవాళ్లు ఉరుకుతారు, నడిచేవాళ్లు నడుస్తారు. అంత దూరం దేశంలో అట్ల జరుగుతుంటే మన గ్రౌండులో ఎందుకు జరగకూడదు?

ఆడపిల్ల ఒళ్లు దూరం పరుగుకు తట్టుకోదని కూడా ఆ వ్యాసంలో ఉంది. ఇది పాత మాట. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు ఉరికితే, అలసిపోయినారని సాకు చెప్పి ఆ పందెమే తీసేసినారు. మళ్లీ 1960లో రోమ్‌లో పెట్టినారు. ఆడవాళ్ల మారథాన్ అయితే 1984లో గానీ రాలేదు. ఎండలో వేరుశనక్కాయ పీకడానికి మాత్రం ఆడవాళ్ల ఒళ్లు తట్టుకుంటాది గదా.

మా యాడి, అంటే మా అమ్మ, బడి మెట్టు ఎక్కలేదు. "ఉరికితే కూలి ఇస్తారా?" అని అడిగింది. ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు అక్క ఆమెతో చాలాసేపు కూర్చొని, నాసిక్ దగ్గరి ఆదివాసి పల్లెలో పుట్టిన కవితా రౌత్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కంచు పతకం గెలిచిన సంగతి చెప్పినారు. యాడి అంతా విని, "ఆ పిల్లకు పెండ్లి అయిందా?" అంది. అయినా ఈసారి నన్ను తిరిగి పంపేటప్పుడు పాత చెప్పులు కుట్టించి ఇచ్చింది.

చదువు సంగతికి వస్తాను. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాని పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. ఆరో తరగతిలో మా తండా పిల్ల ఒకతి దసరాకే పోతానని ఏడ్చేది. ఈసారి సంక్రాంతి అయినాక అందరికంటే ముందు వచ్చింది. ఎందుకు వచ్చినావు అంటే, జత పిల్ల ఒంటరిగా ఉరకాల్సి వస్తాదని అంది. పరుగులో ఆమెదే ఆఖరు స్థానం. ఎనిమిది మందిని ఏరితే మొదట పోయేది ఆమె పేరే. బడిలోనే లేని పిల్లకు స్టడీ అవర్ ఎందుకు?

ఏప్రిల్‌లో అక్కకు డిగ్రీ పరీక్షలు. అప్పుడు ఈల ఎవరు ఊదాలి అనేది అసలు చిక్కు. ఎవరో ఒకరు మేడం గ్రౌండులో ఉంటే చాలు, తొమ్మిదో తరగతి నుంచి నలుగురం తలా ఒక గుంపు తీసుకుంటామని అక్కకు చెప్పినాము. ఎనిమిది మంది జాబితా ఇంకా నోటీసు బోర్డుకు ఎక్కలేదు. ఎక్కక ముందే వార్డెన్ మేడం గారు ఇది చదవాలని పెద్ద అక్షరాలతో రాసినాను.

– 9వ తరగతి విద్యార్థిని