మూగజీవి మందు మన చేతిలో అమానతు

శంకరంపేటలో మా వీధి సోదరి ఒకరు ఎండాకాలంలో మా ఇంటికి వచ్చారు. వారి పిల్లికి షుగరు వ్యాధి. పశువైద్యుడు చెప్పినట్లు రెండు పూటలా ఇన్సులిన్ ఇస్తున్నారు. అయినా కొన్నాళ్ళుగా అది గిన్నెలు గిన్నెలు నీళ్ళు త్రాగుతూ చిక్కిపోతున్నది. "మౌల్వీ సాబ్, మోతాదు పెంచమంటారా?" అని అడిగారు.

మేము మదరసాలో పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని వైద్యులం కాము. అయితే మా ఇంట్లోనూ ఏళ్ళుగా ఇన్సులిన్ వాడకం ఉన్నందున, సీసా ఎక్కడ ఉంచుతున్నారని అడిగాము. "ఫ్రిజ్‌లోనే, మంచు పెట్టెకు ఆనించి" అన్నారు. లోపం అక్కడే ఉన్నది.

ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టితే, కరిగాక చూపుకు మామూలుగానే కనిపించినా, పని చేయదు. తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ నడిమి అరలో ఉంచాలి. తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతుంది. సీసా తెరచిన తేదీని దానిపైనే వ్రాయాలి. మనుషులు వాడే చాలా రకాలకు ఆ తర్వాత గడువు 28 రోజులే. పిల్లి మందుకు ఎన్నాళ్ళో పశువైద్యుణ్ణి అడగాలి. మెదక్ ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి గనుక కరెంటు లేనప్పుడు సీసాను పొడి డబ్బాలో పెట్టి, నీళ్ళు పోసిన కొత్త కుండ మీద తడిగుడ్డ కప్పి నీడన ఉంచవచ్చును. మంచుగడ్డల మీద నేరుగా పెట్టరాదు.

మోతాదు సంగతి మరీ ప్రమాదకరం. చెడిన మందుకు మోతాదు పెంచి, తర్వాత కొత్త సీసా తెచ్చి అదే మోతాదు ఎక్కిస్తే పిల్లి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. అది తూలినా, వణికినా చిగుళ్ళకు తేనె రాసి వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. సిరంజి కూడా సీసాకు తగినదే కావాలి. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ మూతది. రెండవ మందును మొదటి సిరంజిలో అదే గీత వరకు తీస్తే రెండున్నర రెట్లు ఎక్కుతుంది. అందుకే సీసానూ దానికి తగిన సిరంజినీ ఒకే డబ్బాలో ఉంచమన్నాము.

పిల్లిని కట్టివేసి తిండి పెట్టక చంపిన స్త్రీ వృత్తాంతం హదీసులో మనకు తెలిసినదే. ఈ సోదరి అలాంటి వారు కారు. తాను తినక ముందే దానికి పెట్టే మనిషి. ప్రేమకు లోటు లేదు, సీసా చోటే తప్పింది.

పశువైద్యుణ్ణి అడిగి కొత్త సీసా తెచ్చుకున్నారు. మోతాదు పాతదే. ఇప్పుడు నీళ్ళగిన్నె సాయంత్రానికి కూడా సగం మిగులుతున్నదట.